తోడు పరీక్ష

ఆటో అధ్‌చిని దాటి పెద్ద రోడ్డెక్కాక త్యాగరాజు గారు గొంతు తగ్గించి అడిగారు.

"నీ పేరేంటమ్మా?"

"ఉమారాణి అండి."

"పుట్టిన తేదీ?"

"పన్నెండు, ఎనిమిది, ఎనభై మూడు."

"నాన్న పేరు?"

"త్యాగరాజు."

ఆ మాట విన్నాక ఆయన ముఖం పక్కకు తిప్పుకుని రోడ్డు వైపు చూశారు. తన కూతురు కాని పిల్ల తన పేరు తడుముకోకుండా చెప్పడం ఆయనకు ఎలాగో ఉన్నట్టుంది. కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "మా అమ్మాయి తెలివైందేనమ్మా. పరీక్ష అనేసరికి చేతులు వణుకుతాయి. అంతే. లేకపోతే నాకిదంతా ఎందుకు."

ఆయన ఒక ప్రభుత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. ఆర్.కె.పురం క్వార్టర్లలో ఉంటారు. చేతి సంచిలో స్టీలు డబ్బా ఉంది. పరీక్ష అయ్యాక తినడానికి పులిహోర తెచ్చారు.

ఆ డబ్బా వైపు చూస్తూ మాణిక్యం మనసులో మళ్ళీ వల్లె వేసుకుంది. ఉమారాణి. ఉమారాణి. 2005 నవంబరు, ఆదివారం ఉదయం. చలి ఇంకా ముదరలేదు.

మాణిక్యానిది శ్రీకాకుళం జిల్లా పాలకొండ. లెక్కల్లో ఎమ్మెస్సీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదవడానికి కిందటి ఏడాది ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో ఒక మూడో అంతస్తు గదిలో దిగింది. డిగ్రీ చదివేటప్పుడు వెనక బెంచీ అమ్మాయి పేపరు చూపించమని గిల్లితే లేచి వెళ్ళి ప్రిన్సిపాల్‌కి చెప్పి సీటు మార్పించుకున్న మనిషి ఆమె. ఆ తరవాత క్లాసులో ఆర్నెల్లు ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. అయినా బాధపడలేదు.

అలాంటి మనిషి పద్నాలుగు నెలల్లో ఈ ఆటోలో ఎలా వచ్చి కూర్చుందంటే, ఫలానా రోజున అని చెప్పడం కష్టం.

ఆ గదిలో నాలుగు మంచాలు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ చేతికందుతుంది. గదికి పెద్ద సరోజిని. ఊరు తెనాలి దగ్గర. ముప్పై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళుగా ఆ గదిలోనే ఉంటూ అన్ని పరీక్షలూ రాసి, వయసు దాటిపోయినా ఊరు వెళ్ళకుండా ఉండిపోయింది. కరెంటు హీటరు మీద నలుగురికీ పప్పుచారు కాచేది. ఎవరి ఫారం ఎప్పుడు వెయ్యాలో, ఎవరికి ఏ సెంటరు పడుతుందో ఆమెకే తెలుసు.

మాణిక్యం వచ్చిన కొత్తలో ఒక దరఖాస్తుకి మార్కుల జాబితా మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావలసి వచ్చింది. మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళే వెనక్కి పంపేశారు. నాలుగో రోజు సరోజిని మంచం కింద నుంచి చెప్పుల డబ్బా ఒకటి లాగింది. అందులో రబ్బరు స్టాంపు, ఆకుపచ్చ సిరా పెన్ను ఉన్నాయి.

"ఇటివ్వు," అంది.

"ఇది తప్పు కాదేటక్కా?"

"మార్కులు నీవేనా?"

"నావే."

"ఫొటో నీదేనా?"

"నాదే."

"ఇంకేం తప్పు? ఆ ఆఫీసరు నీ మొహం చూడకుండానే పెడతాడు. నేను నిన్ను చూసి పెడుతున్నా."

అందరూ నవ్వారు. మాణిక్యం కూడా నవ్వింది. ఆ సందులో ప్రతి గదిలోనూ అలాంటి స్టాంపు ఒకటి ఉందని వారం తిరక్కుండానే తెలిసింది. అందరూ చేసే పనిని తప్పు అనాలంటే ఎవరితో అనాలి?

తరవాత కోచింగులో రాని అమ్మాయి బదులు 'ప్రెజెంట్ సర్' అనడం వచ్చింది. ఆ తరవాత గది పిల్ల అర్జెంటుగా ఊరెళ్తే ఆమె ఫారం నింపి ఆమె సంతకం తనే పెట్టడం వచ్చింది. సంతకం బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. లెక్కలు తప్ప మరి దేనిలోనూ ఎవరూ ఆమెను అంతగా మెచ్చుకుని ఎరగరు.

మార్చిలో టైఫాయిడ్ వచ్చింది. పదకొండు రోజులు సరోజిని ఆమె పక్కన కూర్చుంది. తడిగుడ్డ వేసింది, బార్లీ కాచి పట్టింది, జ్వరంలో వాంతి చేసుకుంటే దోసిలి పట్టింది. కోలుకున్నాక ఒకరోజు మధ్యాహ్నం జుట్టు చిక్కు తీస్తూ అడిగింది.

"ఒక పిల్లకి తోడుకెళ్ళాలి మాణిక్యం. లెక్కల పేపరు. నువ్వయితే నిద్రలో కూడా రాస్తావు."

ఆ గదిలో దాన్ని 'తోడుకెళ్ళడం' అనేవాళ్ళు. ఒకరి బదులు మరొకరు దొంగపేరుతో పరీక్ష రాయడం అన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు. మాణిక్యం వారం రోజులు కాదంది. ఆ వారమూ సరోజిని కోపగించుకోలేదు. ఎప్పటిలాగే ముందు ఆమెకే వడ్డించింది. ఆ నెలలోనే మాణిక్యం సొంత ఇంటర్వ్యూ ఫలితం వచ్చింది. రాతపరీక్షలో ఎనభై తొమ్మిదో స్థానం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడి జాబితాలో పేరు లేదు.

"చూశావా," అంది సరోజిని. "నీ తెలివికి వాళ్ళిచ్చిన మర్యాద ఇది. నీకు పనికిరాని తెలివి ఇంకో పిల్లకి పనికొస్తే పాపమా?"

మాణిక్యం సరే అంది.

ఆటో దిగేసరికి, సాకేత్‌లో పరీక్ష జరిగే స్కూలు గేటు ముందు రెండు వందల మంది అమ్మాయిలు వరసలో నిలబడ్డారు. త్యాగరాజు గారు దూరంగా చెట్టు కింద ఆగిపోయారు. మాణిక్యం చేతిలోని హాల్ టిక్కెట్టు మీద ఇద్దరి ముఖాలూ కలిపి స్టూడియోలో చేయించిన ఫొటో ఉంది. అందులో ఉన్నది ఎవరో ఆమెకే తెలియలేదు.

పద్నాలుగో నంబరు గది. ఇన్విజిలేటరు యాభై ఏళ్ళ టీచరమ్మ. కళ్ళజోడు గొలుసుకి కట్టి మెడలో వేలాడేసుకుంది. ఫొటో చూసింది, ముఖం చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. ముందుకు కదిలిపోయింది. మాణిక్యం రెండు నెలలుగా నేర్చుకున్న సంతకం తడబడకుండా పెట్టింది.

అప్పుడు టీచరమ్మ హిందీలో అందరికీ చెప్పింది. ఈసారి కొత్త నిబంధన వచ్చింది. హాజరు కాగితం అడుగున అచ్చువేసిన రెండు వాక్యాలను ఎవరు దరఖాస్తులో ఏ భాష రాసుకున్నారో ఆ భాషలో, తమ దస్తూరితో కింద రాయాలి.

ఉమారాణి పుట్టి పెరిగింది ఢిల్లీలో. చదివింది హిందీ మీడియం. దరఖాస్తులో ఆ భాషే ఉంది.

హైస్కూల్లో నేర్చుకున్న హిందీ మాణిక్యానికి చదవడానికి వస్తుంది. రాయాలంటే ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు గీయాలి. మొదటి వాక్యం సగం గీసేసరికి పక్క వరస పూర్తయిపోయింది. టీచరమ్మ వచ్చి ఆమె భుజం పక్కన నిలబడింది. ఆమె కట్టుకున్న చీర అంచు మాణిక్యం మోచేతికి తగిలింది.

"ఢిల్లీలో చదివావని ఉంది కదా ఇందులో," అంది టీచరమ్మ హిందీలో. "మూడో క్లాసు పిల్ల రాసినట్టు రాస్తున్నావేంటి?"

గదిలో పెన్నుల చప్పుడు ఆగింది. ముందు బెంచీలో అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

సరోజిని చాలా నేర్పింది. పుట్టిన తేదీ తడుముకోకూడదు, ఎవరి కళ్ళలోకీ ఎక్కువసేపు చూడకూడదు, గేటు బయట ఎవరినీ పలకరించకూడదు. దీనికి మాత్రం ఏమీ నేర్పలేదు. మాణిక్యం కుడిచేతి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుంది. పట్టుకున్న తరవాతే ఏం చెప్పబోతోందో ఆమెకు తెలిసింది.

"మేడమ్, కిందటి నెల బస్సు దిగుతుంటే పడిపోయాను. ప్లాస్టరు మొన్ననే తీశారు." హిందీలో ఆ రెండు మాటలూ నోటికి చక్కగా వచ్చాయి. ఏడుపు కూడా కొంచెం వచ్చింది. అది మటుకు నిజం ఏడుపే.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మణికట్టు తీసుకుంది. బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. "ఇక్కడేనా?"

"అవును మేడమ్."

"మా అమ్మాయికి కూడా ఇక్కడే విరిగింది. సరే, మెల్లగా రాయి బేటా. కంగారు లేదు." వెళ్ళి తన సీసాలోంచి గ్లాసులో నీళ్ళు పోసుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ తరవాత రెండు గంటల పాటు మాణిక్యం లెక్కలు చేసింది. బయటికి వచ్చి ఆటో ఎక్కాక త్యాగరాజు గారి పులిహోర డబ్బా అడుగు కనిపించేదాకా తింది. అంత ఆకలి ఎప్పుడూ వేయలేదు. భయం పోయిన చోట సిగ్గు వస్తుందనుకుంది. సిగ్గు రాలేదు. గెలిచినట్టుంది.

గదిలో మణికట్టు కథ విని అందరూ పడీపడీ నవ్వారు. సరోజిని మాత్రం నవ్వలేదు. ఆమె వైపు మురిపెంగా చూసింది.

"అది నేను నేర్పింది కాదు," అంది. "నీకే వచ్చింది."

మాణిక్యం ఆ మాటను చాలా రోజులు దాచుకుంది.

ఉమారాణికి ఉద్యోగం వచ్చింది. మాణిక్యానికి రాలేదు. తరవాతి ఏడాదిన్నరలో ఇంకో మూడుసార్లు తోడుకెళ్ళింది. డబ్బు సంగతంతా సరోజినే చూసుకునేది. మాణిక్యం గది అద్దె, మెస్సు, కోచింగు ఫీజు గడిచిపోయేవి. తన సొంత ఫారాలు వేయడం తగ్గిపోయింది. చదవడం తగ్గలేదు. మిగతావాళ్ళకు పాఠం చెప్పేది.

2007 జూన్‌లో కిటికీ పక్క మంచం ఖాళీ అయితే భవ్యశ్రీ వచ్చింది. జగిత్యాల పిల్ల. ఇరవై ఒకటో ఏడు. గదిలో ఎవరు పిలిచినా ముందు లేచి నిలబడి తరవాత పలికేది. మొదటి వారం అన్నం సయించక ఏడ్చింది. మాణిక్యం తనే పక్కన కూర్చుని తినిపించింది. ఫారాల మీద సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరగబోతే ఆపి, స్టాంపు వేసి ఇచ్చింది. 'ఇది తప్పు కాదా అక్కా' అని భవ్య అడగలేదు. మాణిక్యం చేస్తోంది కాబట్టి తప్పు కాదనుకుంది.

అక్టోబరులో సరోజిని కొత్త పని తెచ్చింది. ఇందిరాపురంలో ఉండే సునంద అనే అమ్మాయికి తోడుకెళ్ళాలి. సెంటరు ఘజియాబాద్. ఫొటోలు దిగడానికి మాణిక్యాన్ని రమ్మంది. కానీ పరీక్ష జరిగే ఆదివారానికి రెండు రోజుల ముందే మాణిక్యానికి సొంత ఇంటర్వ్యూ ఉంది. చాలాకాలానికి వచ్చింది. ఈసారి దానికి గట్టిగా చదువుకోవాలనుకుంది.

"భవ్య ఉంది కదక్కా," అంది. "లెక్కలు నాకన్నా వేగంగా చేస్తంది."

ఆ మాట అన్నప్పుడు మాణిక్యం పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే భవ్య అడిగింది. "అక్కా, దొరికితే ఏమైతది?"

"దొరకరు. వాళ్ళు చూసేది ఫొటోని. మనిషిని కాదు."

"మనం చేసేది దొంగతనం కాదు కదా?"

"ఎవరి సొమ్మయినా తీసుకుంటున్నావా? నీ తెలివి ఇంకొకరికి ఇస్తున్నావు. అంతే."

చెప్పాక మాణిక్యానికి ఎలాగో అనిపించింది. మాటలు సరోజినివి. ఆ మాటల చివర అరచేయి తిప్పడం కూడా సరోజినిదే. భవ్య ముఖంలో భయం తగ్గడం చూసి ఆ ఆలోచన వదిలేసింది. నెలరోజులు సంతకం దగ్గరుండి నేర్పింది. ప్రశ్నలు అడిగింది. ఒక విషయం మరీ మరీ చెప్పింది. "ఏమైనా అయితే నీ పేరు సునందే. కొట్టినా తిట్టినా సునందే. బయట నన్ను చూసినా ఎరగనట్టే ఉండు."

తన ఇంటర్వ్యూ శుక్రవారమే అయిపోయింది కాబట్టి పరీక్ష రోజు మాణిక్యం కూడా వెళ్ళింది. సెంటరుకు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుంది. పదింటికి గంట కొట్టారు. గేటు మూశారు. రెండో టీ తాగుతుండగా ఒక పోలీసు జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది. ఊరికే బందోబస్తుకి అయి ఉంటుందనుకుంది. జీపులోంచి ఒక మహిళా కానిస్టేబులు దిగి లోపలికి వెళ్ళింది. ఆ కానిస్టేబులుని చూశాక మాణిక్యం చేతిలో గ్లాసు కదలకుండా అలాగే ఉండిపోయింది.

పావుగంట గడిచింది. పక్క గేటు తెరుచుకుంది. ముందు కానిస్టేబులు, వెనక స్కూలు ప్యూను, మధ్యలో ఆకుపచ్చ చున్నీ. ఆ చున్నీ పొద్దున పిన్ను పెట్టి సర్దింది తనే. భవ్య నడుస్తోంది కానీ కాళ్ళు నేల మీద సరిగా పడడం లేదు. జీపు ఎక్కబోతూ తలెత్తింది. రోడ్డుకు ఇవతల బెంచీ మీద మాణిక్యాన్ని చూసింది.

చూసి, ఎరగనట్టు కళ్ళు తిప్పుకుంది.

మాణిక్యం లేవాలనుకుంది. లేవలేదు. జీపు వెళ్ళిపోయింది. టీకొట్టతను ఏదో అడిగితే తల ఊపింది. పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చుంది. బయటికి వచ్చిన అమ్మాయిలు గుంపులుగా అదే మాట్లాడుకుంటున్నారు. హాలులో హాజరు పిలిచినప్పుడు సునంద పేరు విని ఒక అమ్మాయి లేచిందట. 'సునంద నాతో పన్నెండో క్లాసు చదివింది, ఈమె సునంద కాదు' అందట. పట్టుకోవడానికి అంతకన్నా ఏమీ కావలసి రాలేదు.

మాణిక్యం గదికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. సరోజిని బకెట్ నీళ్ళలో హాల్ టిక్కెట్లు చింపి నానబెడుతోంది. ఫోను అప్పటికే వచ్చినట్టుంది. ముఖంలో కంగారు లేదు.

"ఈ పూటే అందరూ సర్దుకోండి. నువ్వు మీ ఊరెళ్ళిపో మాణిక్యం. రెండు నెలలు రాకు."

"భవ్య సంగతేటక్కా?"

"పేరు చెప్పదు. మంచి పిల్ల. నువ్వు బాగా తయారు చేశావు."

"ఎవరో ఒకరు వెళ్ళాలి కదా."

"వెళ్తే ఇద్దరవుతారు." సరోజిని చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చి మాణిక్యం భుజం మీద చెయ్యి వేసింది. "ఇటు చూడు. నాకు ఈ పని నేర్పిన అక్క ఒకావిడ ఇదే గదిలో ఉండేది. ఒకసారి మాలో ఒక పిల్ల ఇట్టాగే దొరికింది. నేనూ నీలాగే ఏడ్చాను. ఆవిడ నన్ను రైలెక్కించింది. ఇప్పుడావిడ ఆఫీసరు. పిల్లలు, ఇల్లు, అన్నీ ఉన్నాయి."

"దొరికిన పిల్ల ఏమైంది?"

సరోజిని చెయ్యి తీసేసింది. "తెలీదు," అంది. మళ్ళీ బకెట్ దగ్గర కూర్చుంది.

మాణిక్యానికి ఢిల్లీలో తెలిసిన పెద్దమనిషి ఒక్కరే. బస్సెక్కి ఆర్.కె.పురం వెళ్ళింది. త్యాగరాజు గారు రిటైరయ్యారు కానీ ఆ క్వార్టరు ఇప్పుడు కూతురి పేరు మీద ఉంది. తలుపు తీసింది ఉమారాణే. మాణిక్యం ఆమెను చూడడం అదే మొదటిసారి. రెండు నెలల పాటు తను మోసిన పేరు ఎదురుగా నిలబడి, "ఎవరు కావాలి?" అని హిందీలో అడిగింది.

"త్యాగరాజు గారండి."

ఆయన పడక్కుర్చీలోంచి లేచి వచ్చారు. మాణిక్యాన్ని చూసి ఆయన ముఖం తెల్లబోయింది. ఆమె గబగబా, గొంతు తగ్గించి, ఒక తెలుగు పిల్ల పోలీసుల దగ్గర ఉందని, ఎవరైనా లాయరు తెలిస్తే చెప్పమని అడిగింది. ఆయన వింటూనే తలుపు సగం దగ్గరికి లాగారు.

"ఎవరు నాన్నా?" లోపల్నుంచి కూతురు హిందీలో అడిగింది.

"ఎవరో స్టూడెంటు. అడ్రసు పొరపాటు పడింది," అన్నారాయన. తరవాత మాణిక్యం కేసి చూడకుండా, "మీరెవరో నాకు తెలియదమ్మా. ఇంకెప్పుడూ ఇటు రాకండి," అన్నారు.

తలుపు మెల్లగానే వేశారు. చప్పుడు కూడా కాలేదు.

మాణిక్యం మెట్లు దిగి క్వార్టర్ల మధ్య పార్కు గట్టు మీద కూర్చుంది. ఆమెకు కోపం రాలేదు. పొద్దున టీకొట్టు బెంచీ మీద తను చేసిందీ ఇదే కదా అనిపించింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఘజియాబాద్‌లో మహిళా పోలీస్ స్టేషను వెతుక్కుంటూ వెళ్ళింది. గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి సెంట్రీ ఏం కావాలని గద్దించాడు. నిన్న పరీక్షలో దొరికిన అమ్మాయి కోసం అని చెప్పింది. చెప్పాక వెనక్కి వెళ్ళే వీలు లేకపోయింది.

భవ్య గోడ పక్కన బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. ముందు ప్లేటులో రెండు రొట్టెలు ఎండిపోయి ఉన్నాయి. ఎదురుగా సబ్ ఇన్‌స్పెక్టరు, నలభై ఏళ్ళ మనిషి, విసుగ్గా కాగితాలు తిప్పుతోంది.

"నువ్వెవరు?" అని హిందీలో అడిగింది మాణిక్యాన్ని. "నిన్నట్నుంచి బుర్ర తినేస్తోంది ఈ పిల్ల. ఏం అడిగినా ఒకటే జవాబు. నా పేరు సునంద, మా నాన్న పేరు ఇది, పుట్టిన తేదీ ఇది. అసలు సునంద ఇంట్లోవాళ్ళు ఈమె ఎవరో తెలియదంటున్నారు. తల్లిదండ్రులకు కబురు పెడదామంటే ఏ ఊరో చెప్పదు."

మాణిక్యం వెళ్ళి భవ్య పక్కన కూర్చుంది. భవ్య ఆమె వైపు చూడలేదు. గోడ వైపే చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు తెలుగులో అంది.

"ఎందుకొచ్చినవక్కా. నేను చెప్పలే. పొద్దుగూకేదాక అడిగిండ్రు. చెప్పలే."

మెప్పుకోసం చూస్తున్న పిల్ల గొంతు అది. మాణిక్యానికి తెలుసు. మణికట్టు కథ చెప్పినప్పుడు తన గొంతూ అలాగే ఉంది.

"ఇంక చాలు భవ్యా. నీ పేరు చెప్పు."

"సునంద."

"నీ పేరు చెప్పమ్మా. ఇది నేను చెప్తున్నాను. ఇదివరకు చెప్పిందంతా తప్పు. నేను చెప్పింది తప్పు."

భవ్య అప్పుడు తిరిగి చూసింది. తరవాత సబ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి తన పేరు, తండ్రి పేరు, జగిత్యాలలో ఇంటి నంబరు ఒక్కటొక్కటిగా చెప్పింది. చెప్పడం అయ్యాక మాణిక్యం ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఈ పిల్లకి ఇదంతా ఎవరు నేర్పారు?" అంది సబ్ ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది మాణిక్యం.

"నీకెవరు నేర్పారు?"

మాణిక్యం నోరు తెరిచింది. టైఫాయిడ్‌లో నుదుటి మీద వేసిన తడిగుడ్డ చల్లదనం గుర్తొచ్చింది. ఆ పేరు చెప్పడం తన పేరు చెప్పడం కన్నా కష్టమైంది. కానీ చెప్పింది. గది చిరునామా చెప్పింది. తను రాసిన నాలుగు పరీక్షలూ, నాలుగు పేర్లూ చెప్పింది. సాయంత్రం దాకా రాసుకున్నారు.

పోలీసులు వెళ్ళేసరికి గది ఖాళీగా ఉంది. సరోజిని దొరకలేదు. మాణిక్యం ముప్పై నాలుగు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చింది. భవ్యను పదహారు రోజులకే వదిలారు. ఇద్దరినీ ప్రభుత్వ పరీక్షలు రాయకుండా నిషేధించారు. ఉమారాణి ఉద్యోగం నాలుగు నెలల తరవాత పోయింది. త్యాగరాజు గారి మీద కూడా కేసు పెట్టారని, ఆయనకు గుండెపోటు వచ్చి తేరుకున్నారని మాణిక్యానికి తెలిసింది. చూడడానికి వెళ్ళే మొహం లేకపోయింది.

కోర్టు వాయిదాలకు అందుబాటులో ఉండాలని ఆమె ఇందిరాపురంలోనే చిన్న గది తీసుకుంది. అపార్ట్‌మెంట్లలో తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పేది. చేర్చుకునే ముందు ప్రతి ఇంట్లోనూ కేసు సంగతి తనే చెప్పేది. విన్నాక సగం మంది వద్దనేవాళ్ళు.

2009 ఫిబ్రవరిలో ఒక వాయిదాకి భవ్య తండ్రితో వచ్చింది. ఆయన మాణిక్యంతో ఎప్పుడూ మాట్లాడడు. ఆ రోజూ ఆమెను చూడగానే నీళ్ళు తెచ్చుకుంటానని లేచి వెళ్ళాడు. వరండాలో ఇద్దరే మిగిలారు. భవ్య చాలాసేపు చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, మొన్న సరోజినక్క ఫోన్ చేసింది."

"ఏమంది?"

"వేరే ఊర్ల ఉన్నదట. రూము తీసుకున్నదట. చదువుకుందువు రమ్మన్నది." భవ్య తల వంచుకుంది. "తిన్నవా అని అడిగింది అక్కా ముందుగల్ల. ఏడాది సంది మా ఇంట్ల ఎవ్వరూ నన్ను గట్ల అడగలే. ఏడుపొచ్చింది."

"నువ్వేమన్నావు?"

"ఏమనలే. పెట్టేసిన. కానీ మళ్ళ చేస్తనన్నది."

మాణిక్యం ఫోను అడిగి తీసుకుంది. తెరమీద ఆ నంబరు ఉంది. ఒక్క మీట నొక్కితే ఆ గొంతు పలుకుతుంది. 'ఏం మాణిక్యం, తిన్నావా' అంటుంది. వినాలనిపించింది. నిజంగా వినాలనిపించింది. తండ్రి నీళ్ళ సీసాతో వరండా చివర కనిపించాడు.

ఆమె భవ్య దగ్గర పెన్ను అడిగి తీసుకుని ఆ నంబరు తన అరచేతిలో రాసుకుంది. లేచి, తమ కేసు చూస్తున్న సబ్ ఇన్‌స్పెక్టరు ఏ గదిలో ఉందో కనుక్కోవడానికి వెళ్ళింది.